షీల్డు మేకుకే ఉంది

2022 ఏప్రిల్ 26, మంగళవారం. నంద్యాల. పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఈ టైము నాకు గుర్తుండి చెప్పడం లేదు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లోడు 108కి చేసిన కాల్ ఫోన్‌లో ఉండిపోయింది, అందులో చూసి చెప్తున్నాను.

నేను కొయ్యపని మేస్త్రీని. అప్పటికి నలభై ఆరేళ్లు. మా నాయన తరిమెన పట్టేవాడు. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పెట్టే పాతకాలం తరిమెన. నా చేతికొచ్చేసరికి మోటారు లేత్ అయింది. మంచం కోళ్లు, ఊయల గుంజలు, పప్పుగుత్తులు, చపాతీ కర్రలు. ఇరవై రెండేళ్లు అదే పని. వేళ్లు తెగడం, గోరు నల్లబడటం తప్ప పెద్ద దెబ్బ ఎప్పుడూ తగల్లేదు. తగల్లేదు కాబట్టి తగలదనుకున్నాను.

ఆ రోజు పని వేరు. బెంగళూరు నుంచి ఒకాయన చింతమానుతో కొయ్యగిన్నెలు అడిగాడు. పది అంగుళాల వెడల్పు. కోళ్లకూ గుత్తులకూ అలవాటైన చేతికి అది కొత్త పని. చింత మొద్దు షెడ్డు వెనకాల రెండు ఎండాకాలాలుగా పడి ఉంది. మా సీమ ఎండకు మాను పైనుంచి ఆరుతుంది. లోపల పచ్చి ఉంటుంది. పైది ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు. అప్పుడు నెర్రె విడుస్తుంది. కోవెలకుంట్ల దిక్కు నల్లరేగడి చేలు మే నెలలో ఎట్ల విచ్చుతాయో మొద్దు కొసలు కూడా అట్లే విచ్చుతాయి. కోసిన రోజే కొసలకు మైనమో పెయింటో పూసి నీడన పెట్టాలి. నేను పూయలేదు. తీసిన ముక్కలో ఒక నెర్రె కనబడింది కూడా. వెంట్రుకంత. గోటితో గీకి చూశాను. లోతు లేదులే అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ముందురోజు సాయంత్రం మా పిల్లోడు పప్పుగుత్తులు పట్టాడు. సన్నటి పనికి వేగం కావాలి. మా మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. మోటారు వైపు పెద్ద పుల్లీ మీద బెల్టు వేస్తే కొయ్య 2160 చుట్లు తిరుగుతుంది, చిన్నదాని మీద వేస్తే 720. వెడల్పు ముక్కకు చిన్న పుల్లీ వేయాలి. లేత్ పని తెలిసినవాళ్లు ఒక లెక్క చెప్తారు: కొయ్య వెడల్పును అంగుళాల్లో తీసుకొని, తిరిగే చుట్లతో గుణిస్తే ఆరువేలకూ తొమ్మిదివేలకూ మధ్య ఉండాలని. పది అంగుళాలకు 600 నుంచి 900. పొద్దున ఫేస్‌ప్లేటుకు ముక్క బిగిస్తుంటే పిల్లోడు అడిగాడు: “బెల్టు మార్చల్నా మేస్త్రీ?” “ఉండ్రా, ముందు ఎక్కించనీ” అన్నాను. ఎక్కించాక టీ వచ్చింది. టీ తాగి వచ్చి స్విచ్ వేశాను.

లేత్ బల్ల అదిరింది. అదిరితే ఆపాలి. వాడికి వందసార్లు నేనే చెప్పి ఉంటాను. ఉలి తగిలిస్తే గుండ్రమై సర్దుకుంటుందిలే అని వంగాను. ఆ వేగంలో పది అంగుళాల ముక్క అంచు గంటకు వంద కిలోమీటర్ల పైనే పోతుంది. ఈ లెక్క ఆసుపత్రిలో పడుకొని వేసుకున్నాను.

కింద పడి ఉన్నాను. మోటారు ఆగిన చప్పుడు వినబడింది. ముఖం వెచ్చగా ఉంది. నొప్పి లేదు. ఎడమ పక్క చీకటి. నెత్తురు కారి కన్ను మూసుకుందేమోనని తుడుచుకోబోయాను. పిల్లోడు నా మణికట్టు పట్టుకున్నాడు. “వద్దు మేస్త్రీ, చెయ్యి పెట్టొద్దు.” వాడికి పంతొమ్మిదేళ్లు. గొంతు వణుకుతోంది, పట్టు మాత్రం విడవలేదు.

ముఖం షీల్డు నాకు మూడడుగుల దూరంలో గోడ మేకుకు వేలాడుతోంది. 2019లో కొన్నాను. మొదటి నెల పెట్టుకున్నాను. ఏప్రిల్ వస్తే మా రేకుల షెడ్డులో నిలబడటమే కష్టం. షీల్డు పెడితే ఊపిరి ఆవిరై అద్దం మసకేస్తుంది, చెమట గడ్డం కిందకి కారుతుంది. అద్దం మీద గీతలు పడ్డాయి, ఉలి మొన సరిగా కనబడదు. దారిన పోయేవాళ్లు “హెల్మెట్ పెట్టుకొని యాడికి మేస్త్రీ?” అని అడిగేవాళ్లు. అన్నీ నిజమైన కారణాలే. కొత్త అద్దం ధర రెండు పప్పుగుత్తుల డబ్బు. అది కూడా నిజమే.

జనం గుమిగూడారు. ఒకాయన నీళ్లు తెచ్చి కడగమన్నాడు. ఇంకొకామె ఏదో పసరు పిండాలంది. మా వీధిలో ఉండే ఏఎన్ఎం అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి అందరినీ పక్కకు తోసింది. టీ కొట్టునుంచి కాగితం కప్పు తెప్పించింది. దాన్ని బోర్లించి, అంచు కంటికి తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా పెట్టి, ప్లాస్టరు అంటించింది. “కన్ను నొక్కద్దు, కడగద్దు, చుక్కలు వెయ్యద్దు. నోట్లో నీళ్లు కూడా పొయ్యద్దు, ఆపరేషన్ పడితే మత్తియ్యాల” అంది. ఆ కప్పు మీద టీ కంపెనీ బొమ్మ ఉందని తర్వాత మా పిల్లోడు చెప్పాడు. కన్ను చీలితే లోపలిది బయటికి రావడానికి చిన్న ఒత్తిడి చాలట. ఆ రోజు నేను తుడుచుకొని ఉంటే, ఆ నీళ్లు పోసి ఉంటే, ఇప్పుడున్నపాటి కన్ను కూడా మిగిలేది కాదని హైదరాబాదులో డాక్టరమ్మ చెప్పింది. ఏఎన్ఎం అమ్మకు నేను ఏం ఇచ్చినా తీసుకోలేదు. ఒక పప్పుగుత్తి మాత్రం తీసుకుంది.

108లో కర్నూలుకు డెబ్బై కిలోమీటర్లు. పాణ్యం దాటేవరకు నాకు నొప్పి తెలియలేదు. ఓర్వకల్లు దగ్గర మొదలైంది. దవడ, చెంప, కన్ను వెనకాల. నేను ఏడ్చాను. అరిచాను కూడా. మా ఇంటామె నా కాళ్లు పట్టుకొని కూర్చుంది. చేతులు పట్టుకోనియ్యలేదు నేను, ఎందుకో తెలియదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో టెటనస్ ఇంజెక్షన్, సెలైన్, యాంటీబయాటిక్, తలకు స్కానింగ్. చెంప ఎముక మూడు చోట్ల విరిగింది. కనుగుడ్డు చీలింది. నేను అడిగిన ఒకే ప్రశ్న: “కుడి కన్ను బాగుందా సార్?” బాగుందన్నారు. డాక్టరు రెండుసార్లు చెప్పాడు. నేను మూడోసారి అడిగాను.

అక్కడినుంచి హైదరాబాద్. జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైన. మా బామ్మర్ది కారు మాట్లాడాడు. డ్రైవరు మాకు తెలిసినవాడు కాదు. అలంపూర్ చౌరస్తా దగ్గర డీజిల్ పోయించుకోడానికి ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసి, షాద్‌నగర్ దాటేవరకు మళ్లీ ఆపలేదు. గుంతొస్తే ముందే చెప్పేవాడు, “అన్నా, ఒక అదురు” అని. నేను మెడ బిగబట్టుకునేవాణ్ణి. తిరుగు కిరాయి తీసుకోలేదు.

బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి రాత్రి ఎనిమిదింటికి చేరాం. సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్ గారు స్థలమూ కోటి రూపాయలూ ఇస్తే డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఆసుపత్రి. డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. ఆ మాట వినే మా బామ్మర్ది అక్కడికి తీసుకొచ్చాడు. అయినా మా ఇంటామె చెవికమ్మలు తీసి బ్యాగులో పెట్టుకొనే వచ్చింది. కాగితాల మీద ఎక్కడివారని అడిగితే నేను కర్నూలు జిల్లా అన్నాను, ఆమె నంద్యాల జిల్లా అంది. జిల్లా అయ్యి అప్పటికి మూడు వారాలే. ఆ రాత్రే మత్తిచ్చి కన్ను కుట్టారు.

తెల్లారి కట్టు విప్పి టార్చి వేశారు. వెలుతురు కనబడింది. ఏ పక్కనుంచి వస్తోందో చెప్పగలిగాను. డాక్టరమ్మ మంచిదే అంది, అంతకుమించి ఆశ పెట్టలేదు. కొయ్య తగిలిన గాయం కాబట్టి బూజు తెగులు లోపల పట్టే ప్రమాదం ఎక్కువనీ, కొన్నాళ్లు రోజూ చూడాలనీ చెప్పింది.

మూడో రోజు అద్దంలో చూసుకున్నాను. చెంప లోపలికి పోయి ఉంది. పెదవినుంచి చెవిదాకా కుట్లు. మా చిన్నోడు చూడటానికి వచ్చి వాళ్లమ్మ వెనకాల దాక్కున్నాడు. వాణ్ణి నేను పిలవలేదు. నోరు తెరుచుకోదు. స్ట్రాతో గంజి. ఒక రాత్రి రాగిసంగటి కావాలని ఏడ్చాను. ఆకలి వల్ల కాదది. బాత్రూముకు మా ఇంటామె చెయ్యి పట్టుకొని తీసుకుపోవాలి. ఒకరోజు గడపకు కాలు తగిలి పడబోతే ఆమె నడుము పట్టుకుంది. వార్డులో అందరూ చూస్తుండగా ఆమెను తిట్టాను. ఆమె ఏమీ అనలేదు. పడుకున్నాక ఆమె ఏడుస్తున్న చప్పుడు వినబడింది. నిద్రపోతున్నట్టు నటించాను.

తొమ్మిదో రోజు, ఇంకో ఆసుపత్రిలో చెంప ఎముకకు చిన్న టైటానియం ప్లేట్లు వేశారు. చలికాలం ఆ చోట ఇప్పటికీ తెలుస్తుంది.

పన్నెండో రోజు గురించి రాయాలి. చూడవచ్చిన ప్రతివాడూ ఎట్ల జరిగిందని అడిగేవాడు. మొదట్లో మాట రాదు కాబట్టి చెప్పలేదు. మాట వచ్చాక, “బెల్టు పెద్ద పుల్లీ మీదుంది, పిల్లోడు రాత్రి మార్చకుండా పోయాడు” అన్నాను. అబద్ధమని అనడానికి లేదు. బెల్టు పెద్ద పుల్లీ మీదే ఉంది. వాడే పెట్టాడు. వాడు అడిగిన సంగతి మాత్రం చెప్పలేదు. నలుగురికి చెప్పాను. ఆ నలుగురూ నంద్యాల పోయి చెప్పారు. పిల్లోడి నాయన హమాలీ. పన్నెండో రోజు ఆయన బస్సెక్కి హైదరాబాదు వచ్చాడు. నా మంచం పక్కన చేతులు కట్టుకొని నిలబడి, “మా వాడు తప్పు చేశాడంట మేస్త్రీ. మీ కన్ను మేం తెచ్చియ్యలేం” అన్నాడు. చేతిలో రెండు వేల రూపాయలున్నాయి.

ఆయనకు అప్పుడు చెప్పాను. అడిగాడయ్యా వాడు, బెల్టు మార్చల్నా అని అడిగాడు, నేనే వద్దన్నాను అని. ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. “ఆ మాట వాడితో కూడా చెప్పండి. రెండు వారాలుగా అన్నం సరిగా తినడం లేదు” అన్నాడు. ఫోన్ చేసి చెప్పాను. వాడు “సరే మేస్త్రీ” అన్నాడు. ఎవరెవరికి తప్పు చెప్పానో ఆ నలుగురికీ మళ్లీ ఫోన్ చేశాను. ఒకాయన నవ్వి, పోనీలే అన్నాడు. ఆయనకు అది చిన్న విషయం.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. ఒక కన్ను చీలినప్పుడు అరుదుగా రెండో కన్ను కూడా జబ్బుపడుతుందట. చీలిన కంటి లోపలి పదార్థాన్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయిదనుకొని, బాగున్న కంటిమీద కూడా పడుతుంది. వస్తే ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది. ఏళ్ల తర్వాత వచ్చినా రావచ్చు. కుడి కంటికి మసకేసినా, వెలుతురు ఓర్చుకోలేకపోయినా, ఎర్రబడినా అదే రోజు రమ్మంది. ముందుగా పట్టుకుంటే మందులున్నాయి.

ఆ మాట మా అమ్మాయి కూడా వింది. ఇంటర్ చదువుతోంది అప్పుడు. రాత్రి ఫోన్‌లో చదివి నాకు వినిపించింది. లూయీ బ్రెయిల్ గారి కథ. గుడ్డివాళ్ల లిపి కనిపెట్టినాయన. ఫ్రాన్సులో కూవ్రే అనే ఊళ్లో వాళ్ల నాయనది తోలుపని కొట్టు. 1812లో, మూడేళ్ల పిల్లోడు కొట్టులో ఆడుకుంటుంటే పనిముట్టు జారి ఒక కంట్లో దిగింది. తర్వాత రెండో కన్ను కూడా పోయింది. ఐదేళ్లకు పూర్తిగా చూపు లేదు. మా అమ్మాయి నాకు ధైర్యం చెప్పాలనే చదివింది. నేను ఆ మూడేళ్ల పిల్లోడి గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. వాళ్ల నాయన ఆ తర్వాత ఆ పనిముట్టును ఏం చేశాడో అని.

ఆ మూడు నెలలు నేను బాగా భయపడ్డాను. దెబ్బ తగిలిన రోజుకంటే ఎక్కువ. కుడి కంట్లో నలక పడితే గుండె జారేది. మే ఎండకు ఎవరికైనా కళ్లు ఎర్రబడతాయి. నాకు ఎర్రబడితే రాత్రి బస్సెక్కేవాణ్ణి. రెండుసార్లు ఊరికే పోయివచ్చాను. ఆసుపత్రిలో ఎవరూ విసుక్కోలేదు.

ఒంటికన్నుతో బతకడం నేర్చుకోవాలి. ఎవరూ చెప్పని సంగతులుంటాయి. టీ పోస్తే గ్లాసు పక్కన పడుతుంది. మెట్టు ఉందనుకున్నచోట ఉండదు. ఎడమ పక్కనుంచి మనిషి వస్తే ఉలిక్కిపడతాను. గ్లాసు అంచుకు జగ్గు మూతి ఆనించి పోయడం మా ఇంటామె నేర్పింది. లేత్ మీద కూడా అదే పద్ధతి. ఉలిని ముందు టూల్‌రెస్టుకు ఆనిస్తాను, తర్వాత మెల్లగా ముందుకు జరిపి కొయ్య తగిలేదాకా వింటాను.

ఇంటికి వచ్చినవాళ్లలో కొందరు అన్నారు, ఎంతమంది పడుతున్నారు తరిమెన, ఎవరు పెట్టుకున్నారు షీల్డులు, నీ గ్రహచారం అని. ఏటికొప్పాక సంగతి తెచ్చారు. అక్కడ వరాహ నది ఒడ్డున తరతరాలుగా లక్కబొమ్మలు పడుతున్నారు. నేను పోయి చూశాను ఒకసారి. కానీ వాళ్లది అంకుడు కర్ర. మెత్తన, తేలిక. చేతిలో ఇమిడే ముక్క. నాది చింత. నాలుగున్నర కిలోలు, పైగా నెర్రె పడింది. గ్రహచారం అంటే నాకు సులువుగానే ఉండేది. కానీ గ్రహాలను బెల్టు మార్చల్నా అని ఎవరూ అడగలేదు.

మీలో లేత్ పట్టేవాళ్లుంటే, ఇంట్లో ఎవరైనా పడుతుంటే, నాకు తెలిసింది చెప్తాను. షీల్డు పాలికార్బనేట్‌ది కావాలి. కరోనా కాలంలో మందుల షాపుల్లో అమ్మిన పల్చటి ప్లాస్టిక్ రేకు కాదు. అది తుంపర్లను ఆపడానికి చేసింది, కొయ్యముక్కను ఆపదు. మా పిల్లోడు మొదట అదే కొనుక్కొచ్చాడు. ముఖం షీల్డులకు ఐఎస్ 8521, కంటి అద్దాలకు ఐఎస్ 5983 అనే భారతీయ ప్రమాణాలున్నాయి, ఆ ముద్ర చూసి తీసుకోండి. షీల్డు గడ్డం కిందిదాకా రావాలి. దాని లోపల అద్దాలు కూడా పెట్టుకోవాలి. ఒట్టి అద్దాలు పెట్టుకుంటే చెక్కపొట్టు ఆగుతుంది, చెంప ఎముక మిగలదు. దుమ్ముకు ముక్కుమీద మాస్కు వేరే. కొయ్యదుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే తేల్చింది. నాకు అది 2022లో తెలిసింది.

షీల్డు పెట్టుకున్నా మొద్దు మొత్తం ఊడి వస్తే అది ఆపలేదు. ఇది కూడా తెలిసి ఉండాలి. ముక్కను వేలికణుపుతో కొట్టి వినండి. నెర్రె ఉంటే బోలు చప్పుడొస్తుంది. అట్లాంటిది ఎంత మంచి చేవ అయినా పొయ్యికే. స్విచ్ వెయ్యకముందు బెల్టు ఎక్కడుందో కంటితో చూడండి. చేత్తో ఒక చుట్టు తిప్పండి. స్విచ్ వేసేటప్పుడు ముక్క ఊడితే ఎటు పోతుందో ఆ వరసలో నిలబడకండి, పక్కకు నిలబడండి.

అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షను కంటి రక్షణ గురించే. మోటారు వాడే చోట పదిమంది పనిచేస్తేనే ఆ చట్టం లెక్కకు ఫ్యాక్టరీ అయ్యేది. మా షెడ్డులో ఇద్దరం. మమ్మల్ని చూసుకోవాల్సింది మేమే.

2022 అక్టోబర్ 4, ఆయుధపూజ. ఐదు నెలల తర్వాత షెడ్డు తలుపు తీశాం. పిల్లోడు లేత్ కడిగి పెట్టాడు. నేలమీద మరక వాడే ఎప్పుడో గీకేశాడు, నేను అడగలేదు. రెండు కొత్త షీల్డులు తెచ్చాను, వాడికొకటి నాకొకటి. మా ఇంటామె కుంకుమ గిన్నె పట్టుకొని మొదట షీల్డుకు బొట్టు పెట్టింది, తర్వాత లేత్‌కు. స్విచ్ వెయ్యడానికి నా చెయ్యి రాలేదు. పిల్లోడు వేశాడు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. కాళ్లు వణికాయి. వాడు ఒక పప్పుగుత్తి పట్టి, ఆపి, నా చేతికిచ్చాడు. నేను ఉలి పట్టింది ఆ తర్వాత పదకొండో రోజు.

ఏప్రిల్‌లో షీల్డు ఇప్పటికీ మసకేస్తుంది. అప్పుడు మోటారు ఆపి, బయటికొచ్చి, తీసి తుడుచుకొని, మళ్లీ లోపలికి పోతాం. రోజుకు నాలుగైదు గుత్తులు తక్కువవుతాయి. కొయ్యగిన్నెలు నేను పట్టను. ఎడమ కంటికి చెయ్యి ఊపితే నీడ కదిలినట్టు తెలుస్తుంది.

పొద్దున లేచీ లేవగానే ఎడమ కన్ను అరచేత్తో మూస్తాను. దాన్ని మూయాల్సిన అవసరం లేదు, అయినా మూస్తాను. మంచం ఎదురుగా గోడకు క్యాలెండర్ ఉంది. ముందు తేదీ చదువుతాను. తర్వాత తిథి, దాని కింద నక్షత్రం, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో వర్జ్యం. ఈ రోజు వర్జ్యం దాకా చదివాను.